పదిమందిలో ఆ ఒక్కడిని అవుదామనుకున్నాను

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో నేను గుమాస్తాని. పద్నాలుగేళ్లుగా చేసే పని ఒకటే. రైతు సరుకు దించగానే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లెక్కపెట్టి రాసుకోవడం, కాటా దగ్గర నిలబడి తూకం రాయడం, అమ్మకం లెక్క చూపే పట్టీ కట్టి రైతు చేతికివ్వడం. జీతం 19 వేలు. సీజన్లో ఇంకో రెండు మూడు వేలు కలిసొస్తాయి. ఈ పనిని నేనెప్పుడూ చిన్నచూపు చూడలేదు, 2023 అక్టోబరులో ఒక ఆదివారం వరకు.

ఆ వారమంతా ఫోన్లో ఒకటే వీడియో వస్తూ ఉంది. ఒకాయన కారు పక్కన నిలబడి, రోజుకు గంట సేపు ఫోన్ చూసుకుంటే షేర్ మార్కెట్లో జీతం మించి సంపాదించవచ్చని చెబుతున్నాడు. మామూలుగా ఇలాంటివి హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి, పక్కకు తోసేస్తాం. ఈయన మాత్రం అచ్చంగా మనవైపు మాటే మాట్లాడుతున్నాడు. "అన్నా, నేనూ మీలాంటివాణ్ణే" అంటున్నాడు. మూడు గంటల క్లాసు 99 రూపాయలు. ఒక బిర్యానీ తిన్నామనుకుందాం అని కట్టేశాను.

ఆ క్లాసు మొదటి ముప్పావు గంటలో షేర్ మార్కెట్ మాటే లేదు. కాగితం, పెన్ను తెచ్చుకోమన్నాడు. నెల జీతం రాయమన్నాడు. దాని కింద ఇంటి అద్దె, పాలు, గ్యాస్, స్కూలు ఫీజు, చీటీ ఒక్కొక్కటే రాసి తీసేయమన్నాడు. మిగిలినదాని చుట్టూ సున్నా చుట్టమన్నాడు. నాకు 1,400 మిగిలింది. తర్వాత, "మీ పిల్లలు అడిగితే మీరు కొనివ్వలేకపోయిన వస్తువు పేరు రాయండి" అన్నాడు. మా అమ్మాయి అప్పుడు ఆరో తరగతి. సైకిల్ అడిగి ఏడాది దాటింది. సైకిల్ అని రాశాను. రాస్తుంటే గొంతు పట్టేసింది. నా వరకు బేరం అక్కడే కుదిరిపోయిందని ఇప్పుడు అర్థమవుతోంది. ఆ తర్వాత అతను ఏది చూపించినా నేను కొనేవాణ్ణే.

చివరి అరగంటలో ధర చెప్పాడు. అసలు 49,999 అట, ఈ రోజు చేరేవాళ్లకు 24,999. తెర మీద ఒక గడియారం వెనక్కి తిరుగుతోంది. పక్కన చాట్‌లో ఎవరెవరో "జాయిన్ అయ్యాను సార్", "థాంక్యూ సార్" అని వరసగా పెడుతున్నారు. సీట్లు 11 మిగిలాయన్నాడు. జీఎస్టీ 18 శాతం కలిపితే 29,499 అవుతుందన్న సంగతి డబ్బు కట్టే పేజీ తెరిచాకే తెలిసింది. అంత డబ్బు నా దగ్గర లేదు. దానికీ దారి ఉంది, 12 నెలల ఈఎంఐ, వడ్డీ లేదు. ఆధార్, పాన్ నంబర్లు కొట్టి, ఓటీపీ చెప్పి, పది నిమిషాల్లో నేనొక ఫైనాన్స్ కంపెనీకి బాకీదారునయ్యాను. నెలకు 2,458. అది కోర్సు కంపెనీకి నేను వాయిదాల్లో కట్టే ఫీజు అనుకున్నాను. కాదు. ఫైనాన్స్ కంపెనీ నా పేరు మీద అప్పిచ్చి, కోర్సు వాళ్లకు డబ్బు ముందే ఇచ్చేసింది. కోర్సు నచ్చకపోయినా, మానేసినా అప్పు నా మీదే ఉంటుంది. కట్టకపోతే సిబిల్ పాడవుతుంది. ఈ తేడా ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు.

ఇంట్లో మా ఆవిడకు "కంప్యూటర్ క్లాసు లాంటిది" అని చెప్పాను. మా పెళ్లయ్యాక డబ్బు విషయంలో నేను ఆమెతో చెప్పిన మొదటి అబద్ధం అది.

కోర్సు అంటే 42 రికార్డింగ్ వీడియోలు, ఒక టెలిగ్రామ్ గ్రూపు, పొద్దున 9:15కి లైవ్. వీడియోల్లో ఉన్నది అబద్ధమని అనను. క్యాండిల్ అంటే ఏమిటి, సపోర్ట్ ఎక్కడ, రెసిస్టెన్స్ ఎక్కడ, ఆప్షన్ ప్రీమియం ఎలా కరుగుతుంది, అన్నీ చెప్పాడు. ఈ పాఠాలన్నీ ఎక్స్ఛేంజీలు, బ్రోకర్ల సైట్లలో ఉచితంగానే ఉన్నాయని నాకు తర్వాత తెలిసింది. "మా స్టూడెంట్లకు మాత్రమే" అని ఇచ్చిన సీక్రెట్ ఇండికేటర్ ఒకటుంది. ఆకుపచ్చ గీత ఎర్ర గీతను దాటితే కొనాలి, ఎర్రది ఆకుపచ్చని దాటితే అమ్మాలి. అది ధర 9 రోజుల సగటు, 21 రోజుల సగటు. ఏ చార్టులోనైనా ఎవరైనా పెట్టుకోగలిగిన రెండు గీతలు. దానికి పేరు మార్చి, రంగు వేసి ఇచ్చారు.

షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతా వాళ్లిచ్చిన లింకులోనే తెరవాలన్నారు. ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్) తెరవాలంటే ఆదాయానికి రుజువు కావాలి కాబట్టి ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ ఎలా పెట్టాలో కూడా వాళ్లే చూపించారు. లింకు ద్వారా వచ్చినవాళ్లు చేసే ప్రతి ట్రేడులో బ్రోకరేజీ నుంచి వాళ్లకు వాటా వెళ్లేది. ఇది రహస్యమేమీ కాదు, అప్పట్లో చాలామంది బ్రోకర్ల దగ్గర ఉన్న ఏర్పాటే. రేటు పెరిగినా తగ్గినా టిక్కీకి ఇంత అని కమీషన్ రాసే చేత్తోనే పద్నాలుగేళ్లు అన్నం తిన్నవాణ్ణి నేను. ఆ లింకు నొక్కేటప్పుడు నాకే తట్టాలి కదా, నేను గెలిచినా ఓడినా వీళ్లకు వచ్చేది వస్తుందని. తట్టలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇప్పుడు చెబుతాను. షేర్ మార్కెట్‌ను నియంత్రించే ప్రభుత్వ సంస్థ సెబీ ఆదేశం ప్రకారం 2023 జులై నుంచి బ్రోకర్ యాప్ తెరవగానే ఒక హెచ్చరిక కనిపిస్తుంది. ఎఫ్ అండ్ ఓలో 10 మందిలో 9 మంది నష్టపోతున్నారని అందులో ఉంటుంది. కింద ఉన్న బటన్ నొక్కితేనే లోపలికి వెళ్తాం. మొదటి రోజు అది చూసి నేను భయపడ్డాను. గ్రూపులో అడిగాను కూడా. ఆ సాయంత్రమే లైవ్‌లో అతను నా ప్రశ్న చదివి ఇలా జవాబిచ్చాడు. "ఆ తొమ్మిది మంది నేర్చుకోకుండా దిగినవాళ్లు అన్నా. నువ్వు ఫీజు కట్టి నేర్చుకుంటున్నావు. నువ్వు ఆ ఒక్కడివి." గ్రూపులో వందల చప్పట్ల బొమ్మలు వచ్చాయి. ఆ రోజు నుంచి పొద్దున్నే ఆ హెచ్చరిక చూస్తే నాకు భయం పోయి ధైర్యం వచ్చేది. నన్ను ఆపడానికి ప్రభుత్వం పెట్టిన మాటను అతను నన్ను తోయడానికి వాడుకున్నాడు. ఫీజు పోయినందుకన్నా, నష్టం వచ్చినందుకన్నా నాకు దీని మీదే ఎక్కువ కోపం.

చీటీ పాడి తెచ్చిన 60 వేలతో నవంబరులో మొదలుపెట్టాను. బ్యాంక్ నిఫ్టీ ఆప్షన్లు, అంటే బ్యాంకు షేర్ల సూచీ పెరుగుతుందనో పడుతుందనో ప్రీమియం అనే ధర కట్టి కొనే ఒప్పందాలు. అప్పట్లో లాటు, అంటే ఒకసారి కొనాల్సిన కనీస సంఖ్య, 15. రెండు వందల ప్రీమియం ఉన్నది కొంటే మూడు వేలు పెట్టినట్టు. వారం వారం బుధవారం ఎక్స్‌పైరీ, అంటే ఒప్పందం గడువు తీరే రోజు. మొదటి రెండు వారాలు 4,600 లాభం వచ్చింది. ఆ స్క్రీన్‌షాట్ గ్రూపులో పెడితే అడ్మిన్ దాన్ని పైన పిన్ చేశాడు. డిసెంబరులో నేను నష్టాల స్క్రీన్‌షాట్ ఒకటి పెట్టాను, ఎక్కడ పొరపాటు చేశానో చెబుతారని. రెండు నిమిషాల్లో తీసేశారు. "నెగెటివ్ ఎనర్జీ వద్దు" అని విడిగా మెసేజ్ వచ్చింది. గ్రూపులో అందరూ లాభాల్లో ఉన్నట్టు, నేనొక్కణ్ణే ఓడిపోతున్నట్టు ఎందుకు అనిపించేదో అప్పుడు కొంచెం అర్థమైంది. కానీ ఆగలేదు. మా పక్క కొట్లో ఉండే స్నేహితుడి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి 50 వేలు తెచ్చాను.

2024 జనవరి 17, బుధవారం. ముందురోజు సాయంత్రం ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకు ఫలితాలు వచ్చాయి. మర్నాడు మార్కెట్ తెరుచుకోవడమే పాతాళంలో తెరుచుకుంది. "ఇది సపోర్ట్, ఇక్కణ్ణుంచి లేస్తుంది" అని లైవ్‌లో అన్నాడు. సూచీ పెరిగితే లాభమొచ్చే కాల్ ఆప్షన్ కొన్నాను. ఇంకా పడింది. సగటు తగ్గుతుందని మళ్లీ కొన్నాను. ఆ రోజు బ్యాంక్ నిఫ్టీ 2,000 పాయింట్లకు పైగా పడింది. ఎక్స్‌పైరీ రోజు కాబట్టి నా చేతిలో ఉన్నవి సాయంత్రానికి సున్నా అయ్యాయి. 27 వేలు. ఒక్కరోజులో నెలన్నర జీతం.

అదే రోజు కొట్లో ఇంకో పని చేశాను. పల్నాడు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన సరుకు కాటా అయింది. ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో పెన్ను. పట్టీ రాసి ఇచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో గడీ చదువుకుని, "బాబూ, నావి 38 టిక్కీలు గదయ్యా, 28 వేశావేంది" అన్నాడు. గొంతు పెంచలేదు. పది టిక్కీలంటే నాలుగు క్వింటాళ్లు. ఆయన చదువురానివాడై ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పట్టీ కొట్టేసి కొత్తది రాసి, తప్పయిందని చేతులు పట్టుకున్నాను. పద్నాలుగేళ్లలో నా చేతి రాతలో అలాంటి తప్పు దొర్లలేదు. మా ఓనరు గారు చూశారు, ఏమీ అనలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

మార్చి వచ్చేసరికి కోర్సు కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. నష్టాల్లో ఉన్నానని చెబితే, లోపం పద్ధతిలో లేదు, మైండ్‌సెట్‌లో ఉంది అంది. దానికి వేరే మెంటార్‌షిప్ ఉందట, 75 వేలు. అంత నా దగ్గర లేదన్నాను. అయితే ఇంకో దారి చెప్పింది. నాకొక లింకు ఇస్తారు. దాని ద్వారా ఎవరైనా కోర్సులో చేరితే మనిషికి 5,000 నాకు వస్తుంది. "ఇద్దరు ముగ్గుర్ని చేరిస్తే మీ నష్టం కవర్ అయిపోతుంది సార్."

నేను ఒప్పుకున్నాను. ఇది రాయడానికి చేయి రావడం లేదు, కానీ రాయాలి. మా బావమరిది నరసరావుపేటలో సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తాడు. పాతికేళ్లవాడు. 99 నేనే కట్టి వాణ్ణి ఆదివారం ఇంటికి పిలిచాను. ఫోన్ టీవీకి కలిపి ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. మా ఆవిడ టీ పెట్టి ఇచ్చింది. మళ్లీ అదే కాగితం, అదే పెన్ను. వాడు తల వంచుకుని జీతం రాసుకుంటున్నాడు. నేను ఊరికే చూస్తున్నాను.

రెండు గంటల పది నిమిషాలప్పుడు అతనికి దగ్గు వచ్చింది. పక్కనున్న స్టీలు గ్లాసు తీసి నీళ్లు తాగి, "సారీ అన్నా, నిన్నటి నుంచి గొంతు బాగాలేదు" అన్నాడు. నాకు గుండె ఆగినట్టయింది. అక్టోబరులో నేను చూసినప్పుడు కూడా ఇదే గ్లాసు, ఇదే దగ్గు, ఇదే మాట. ఆ మాటకే కదా నేను అప్పుడు, పాపం గొంతు బాగాలేకపోయినా మనకోసం చెబుతున్నాడు అనుకున్నది. తర్వాత ఏం అంటాడో నాకు తెలుసు. "కరీంనగర్ నుంచి ఒక టీచర్ గారు ఇప్పుడే చేరారు, కంగ్రాట్స్ మేడమ్" అంటాడు. అన్నాడు. సీట్లు 11 మిగిలాయన్నాడు. చాట్‌లో అవే పేర్లు అదే వరసలో వస్తున్నాయి. అది లైవ్ కాదు. ఐదు నెలలుగా, ఇంకా ముందు నుంచేమో, ప్రతి ఆదివారం అదే వీడియో వేస్తున్నారు. ఆ చాట్‌లో మనుషులే లేరు.

టీవీ ఆపేశాను. "ఏంటి బావా, ఇప్పుడే కదా అసలు విషయం చెప్పేది" అన్నాడు వాడు. వాడు రాసిన కాగితం అడిగి తీసుకుని చూశాను. అమ్మకు కంటి ఆపరేషన్ అని రాసి ఉంది. అది మా అత్తగారి గురించి. అప్పుడిక దాచలేకపోయాను. ఫీజు, ఈఎంఐ, చీటీ డబ్బు, వడ్డీకి తెచ్చింది, అన్నీ ఇద్దరి ముందూ చెప్పేశాను. మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నష్టం వస్తే వచ్చిందండీ. నా తమ్ముణ్ణి కూడా అందులోకి దించబోయారా?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఆ వారమే ఖాతాలో మిగిలింది వెనక్కి తీసుకుని ఎఫ్ అండ్ ఓ మూయించాను. మొత్తం నష్టం 97,400. అందులో 14 వేల పైచిలుకు బ్రోకరేజీ, పన్నులే. ఫీజు దీనికి అదనం.

ఫీజు వెనక్కి రాబట్టుకుందామని ప్రయత్నించాను. "7 రోజుల మనీ బ్యాక్" అని వాళ్లు పెద్దక్షరాల్లో వేశారు. షరతుల పేజీలో మాత్రం ఇరవై శాతం కన్నా ఎక్కువ వీడియోలు చూస్తే వర్తించదని ఉంది. ఐదు నెలల తర్వాత అడుగుతున్నాను కాబట్టి దాని ఊసే లేదు. రికార్డింగును లైవ్ అని చెప్పి అమ్మారు కదా అని గ్రూపులో రాశాను. గ్రూపు నుంచి తీసేశారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబరు ఇచ్చారు, మర్యాదగా విన్నారు. కంపెనీ నుంచి రెండు వారాల్లో జవాబు వచ్చింది. నేను టిక్కు పెట్టి ఒప్పుకున్న షరతుల కాపీ, "ఇది విద్య కోసం మాత్రమే, లాభానికి హామీ లేదు" అన్న వాక్యం కింద గీతతో సహా. ఆ వాక్యం వాళ్లు క్లాసులో ఒక్కసారి కూడా పలకలేదు. కానీ నా దగ్గర రుజువేదీ? స్క్రీన్‌షాట్ కూడా తీసుకోలేదు.

జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని తెలిసిన లాయరు గారు చెప్పారు. మనం ఉన్న ఊళ్లోనే వేసుకోవచ్చు, ఆన్‌లైన్లోనూ వేయవచ్చు, 5 లక్షల లోపు వాటికి కోర్టు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. ట్రేడింగులో పోయింది రాదు, కోర్సు ఫీజు వరకే అడగగలం అన్నారు. అలసిపోయి ఉన్నాను, సీజను మీద ఉన్నాం, వదిలేశాను. వేసి ఉండాల్సింది. ఎవరికైనా ఇలా జరిగితే నాలాగా వదలొద్దని గట్టిగా చెబుతున్నాను. చేరేటప్పుడే ప్రతిదీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, వాళ్ల మాటలు రికార్డు చేసుకోండి.

ఇంకో ఖర్చు ఎదురుచూడకుండా వచ్చింది. ఎఫ్ అండ్ ఓ చేసినవాళ్లు లాభమొచ్చినా నష్టమొచ్చినా దాన్ని వ్యాపార ఆదాయం కింద ఐటీఆర్-3 అనే ఆదాయపు పన్ను రిటర్నులో చూపించాలట. ఆడిటర్ గారికి 3,000 ఇచ్చాను. గడువులోగా వేస్తే ఈ నష్టాన్ని రాబోయే లాభాల్లోంచి తీసేసుకోవడానికి ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లవచ్చని ఆయన చెప్పారు. 42 వీడియోల్లో దీని గురించి ఒక్క ముక్క లేదు.

2024 సెప్టెంబరులో సెబీ కొత్త లెక్కలు పేపర్లో చదివాను. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ చేసిన మామూలు మనుషులు కోటి మంది పైనే. అందులో 93 శాతం నష్టపోయారు. సగటున మనిషికి 2 లక్షలు. ఖర్చులు పోను లక్ష కన్నా ఎక్కువ లాభం చూసినవాళ్లు ఒక్క శాతం. "ఆ ఒక్కడివి నువ్వే" అని నాకు చెప్పినట్టే ఎంతమందికి చెప్పి ఉంటారో అని ఆ పేపరు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. గెలుపు స్క్రీన్‌షాట్ల సంగతి కూడా అప్పటికి తెలిసింది. మా వీధిలో ఇంజినీరింగ్ చదివే కుర్రాడు కంప్యూటర్లో నా స్టేట్‌మెంట్ పేజీ తెరిచి, రైట్ క్లిక్ కొట్టి, ఏదో మార్చి, ఒక్క నిమిషంలో నా నష్టాన్ని నాలుగు లక్షల లాభంగా చూపించాడు. చూడ్డానికి అచ్చం అసలుదే.

2025 జనవరిలో సెబీ ఇంకో మాట చెప్పింది. పాఠాలు చెప్పేవాళ్లు మూడు నెలల పాత ధరలతోనే చెప్పాలి, నడుస్తున్న మార్కెట్ చూపించి కాదు. సలహా ఇవ్వాలంటే సెబీలో నమోదు కావాలి. సలహాదారుల నమోదు నంబరు ఐఎన్ఏతో, రీసెర్చ్ అనలిస్టులది ఐఎన్‌హెచ్‌తో మొదలవుతుంది, సెబీ సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. మంచి నిబంధన. నాకు కొంచెం ఆలస్యంగా వచ్చింది.

చివరి ఈఎంఐ 2024 నవంబరులో కట్ అయింది. వడ్డీ అప్పు తీర్చడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది. సైకిల్ కొన్నాం, పాతదే, 2,200కి, మా ఓనరు గారు ఇచ్చిన సీజను డబ్బుతో.

మొన్న కొట్లో బస్తాలు మోసే ముఠా కుర్రాడొకడు భోజనాల వేళ నా దగ్గరికి వచ్చాడు. ఫోన్ చూపించి, "అన్నా, నువ్వు లెక్కల మనిషివి కదా, ఇది మంచిదేనా? 99 రూపాయలే" అన్నాడు. అదే కారు, అదే మనిషి. చొక్కా కూడా అదే. నేను ఏమీ చెప్పకుండా నా స్టేట్‌మెంట్ తెరిచి వాడి చేతికిచ్చాను. వాడు కిందిదాకా జరిపి, అంకె దగ్గర వేలు పెట్టి, "దీని ముందున్న గీతేంటన్నా?" అని అడిగాడు. మైనస్ అని చెప్పాను.

కానీ డబ్బు అప్పటికే కట్టేశాడట, వచ్చే ఆదివారం క్లాసు. మానెయ్యమనలేదు. మానెయ్యమంటే ఒంటరిగా కూర్చుని చూస్తాడు, ఆ కాగితం ఒంటరిగా రాసుకుంటాడు. మా ఇంటికి రమ్మన్నాను. ఇద్దరం కలిసి చూద్దాం, రెండు గంటల పది నిమిషాల దాకా.